మూడు పొట్లాల మట్టి

గంగయ్యను పొగాకు కాల్చే బ్యారన్ గుంజకు కట్టేసి చావబాదుతున్నారు.

మట్టి సర్వే ఆఫీసరు చెంచురామయ్య జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. గంగయ్య తొమ్మిదేళ్లుగా ఆయనకు గుంతలు తవ్వే మనిషి. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి దాకా ఏ ఊరికెళ్లినా అతను పక్కన ఉండాల్సిందే.

"గంగయ్యా, కళ్లు తెరువు. ఒక్కసారి తెరువురా!"

"తెరుసుకుంటలేవు సారూ..."

ముఖమంతా నెత్తురు. రెండు కళ్లూ వాచి పూడుకుపోయాయి.

ఆ పొలం ఆసామి వెంకటరామారావు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. నిన్న వాగు ఒడ్డున అతని తమ్ముణ్ణి ఎవరో గడ్డపారతో తల పగలగొట్టి చంపారు.

"వీడి గడ్డపారకు మట్టి ఉంది ఆఫీసరుగారూ. వాగు మట్టేనని నేనంటున్నా. మీకు తవ్విన గుంత మట్టని వీడంటున్నాడు. మా కళ్లకు అంతా ఎర్రమట్టే. మట్టి రంగు పోల్చే మీ పుస్తకం తీయండి, తేలిపోతుంది."

"పోలీసులకు అప్పగించండి. వీడలాంటివాడు కాదు."

"మీవాడని మీరు వెనకేసుకొస్తారు. అందుకే మూడు పొట్లాలు కట్టించా. వాగుది, గుంతది, గడ్డపారది. ఏది ఏదో నాకొక్కడికే తెలుసు. ఏ రెండు ఒక రంగో చెప్పండి. గుంతదీ గడ్డపారదీ కలిస్తే వీణ్ణి ఇప్పుడే విప్పేస్తా."

గంగయ్య గింజుకున్నాడు. "పుస్తకం వద్దు సారూ! మీ కాళ్లు మొక్కుత!"

"సూసిండ్రా అయ్యా, దొంగ ఎట్ల వణుకుతుండో!" అన్నాడొక పాలేరు.

చెంచురామయ్య నోటిదాకా ఒక మాట వచ్చింది. ఉద్యోగం, ఇంట్లో నలుగురు పిల్లలు గుర్తొచ్చారు. ఆ మాట మింగేశాడు.

ఎండకు వీపు పెట్టి పుస్తకం తెరిచాడు. పేజీ నిండా రంగు ముక్కలు, ఒక్కో ముక్క పక్కన ఒక్కో రంధ్రం. మూడు మట్టిగడ్డలూ తడిపి, ఒక్కొక్కటే రంధ్రం వెనక పట్టి చూశాడు. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు.

"మొదటిదీ, మూడోదీ," అన్నాడు చివరికి.

వెంకటరామారావు పళ్లు కొరికాడు.

"మొదటిది వాగుది. మూడోది గడ్డపారది."

గొడ్డలి లేచింది. గంగయ్య అరుపు సగంలోనే తెగిపోయింది. గుంజ కింద మట్టి తడిసింది.

ఎరుపేదో ఆకుపచ్చేదో పుట్టినప్పటి నుంచీ తెలియని చెంచురామయ్యకు, ఈ తొమ్మిదేళ్లూ ఆ పుస్తకంలో రంగు చూసి చెవిలో చెప్పింది గంగయ్యే.