ఒళ్ళో టీవీ

"పిల్లకి పాత సీటు ఇరుకైతే కొత్తదెందుకే? ఒళ్ళో పెట్టుకో," అన్నాడు ముటిసో, నైరోబీలో పిల్లల్ని కార్లో బెల్టుతో కట్టి కూర్చోబెట్టే సీట్లమ్మే దుకాణం మెట్టెక్కకుండానే. "మా అమ్మ నన్ను మటాటు బస్సుల్లో ఒళ్ళోనే తిప్పింది. చచ్చానా?"

"లేదు, రోజూ చూస్తూనే ఉన్నాగా," అంది మ్వెండే, మూడేళ్ళ కూతుర్ని చంకకెత్తుకుంటూ. పక్కనే ఆపిన కారు వెనక సీట్లో, మొగుడు పొద్దున కొన్న టీవీ సీటు బెల్టు పెట్టుకుని దొరసానిలా కూర్చుంది.

ఆమె ఆ బెల్టు ఊడదీసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఇది పిల్లకి పెడతా. నీ టీవీని నేను ఒళ్ళో పెట్టుకుంటాలే."

"మతిపోయిందా? బ్రేకు వేస్తే నీ చేతుల్లో ఆగుతుందా అది! ఎగిరి అద్దానికి..."

కూతురి వంక చూశాడు.

మ్వెండే దుకాణం అమ్మాయిని కేకేసింది. "గట్టి సీటు చూపించమ్మా. మా పిల్ల పద్నాలుగు కిలోలు. ఇదీ పగిలే సరుకేనని ఈ మహానుభావుడికి ఇప్పుడే తెలిసింది."