దూడ ఎవరి పరిధి?

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ దేవుడి గూటి పక్కన రెండు మాట్లాడే పెట్టెలుండేవి. ఒకటి కేంద్ర ప్రభుత్వం, రెండోది రాష్ట్ర ప్రభుత్వం. ఏ పని కావాలన్నా వాటికే చెప్పుకోవాలి. సామర్లకోటలో వరహాలమ్మ వాటిని ఢిల్లీ అబ్బాయి, అమరావతి అబ్బాయి అని పిలిచేది.

ఓ సాయంత్రం ఆవిడ గేదె దూడ రైలు కట్ట పక్క కాలువలో జారిపడి, మెడదాకా బురదలో కూరుకుపోయింది. వరహాలమ్మ లబలబలాడుతూ పెట్టెల దగ్గరికి పరిగెత్తింది.

"స్థలం రైల్వేది, మాదే. కానీ పశువులు రాష్ట్ర పరిధిలోని అంశం తల్లీ," అన్నాడు ఢిల్లీ అబ్బాయి.

"దూడ మాదేనండి. రైల్వే కంచె దాటి మా యంత్రం రాకూడదండి," అన్నాడు అమరావతి అబ్బాయి.

వరహాలమ్మ ఇద్దరు మగపిల్లల్ని పెంచిన మనిషి. ఢిల్లీ పెట్టె దగ్గర గొంతు తగ్గించి, "పోన్లే నాయనా, తమ్ముడు తీస్తానంటన్నాడు. రేపు ఊరంతా ఆడి పేరే చెప్పుకుంటారు," అంది. రెండో పెట్టె దగ్గరికెళ్ళి, "అన్నయ్య బయల్దేరిపోయాడ్రా," అంది.

సంధ్యాదీపం పెట్టేలోపే కాలువ గట్టున రెండు యంత్రాలు దిగాయి. ఒకటి కంచె ఎత్తి పట్టుకుంటే ఇంకొకటి దూడను పైకి లాగింది. ఆవిడ దూడతో ఇల్లు చేరేసరికి రెండు పెట్టెలూ "కాపాడింది మేమే" అని పోటీలుపడి చాటుతున్నాయి.

"ఇద్దరూ బంగారాలే," అంటూ వరహాలమ్మ దూడ ఒళ్ళు తుడవసాగింది.

"మరి ఇకమీదట దాన్ని కట్టేసే బాధ్యత ఎవరిది?" రెండూ అనుమానంగా అడిగాయి.

"అది నా పరిధి. మీరు దెబ్బలాడుకోకుండా ఉంటే అదే పదివేలు."