వేలిముద్ర

"పెళ్ళికొడుకు పటాలం నించి సెలవు మీద వస్తన్నాడు. మా పిల్ల ఇంక బడికి రాదని మీ టీచరమ్మకి రాయవే రాహేలూ," అన్నాడు నాయన.

రాశాను. చదవమంటే, ఆయన చెప్పింది చెప్పినట్టే అప్పజెప్పాను. తృప్తిగా కార్డు మీద వేలిముద్ర వేశాడు.

నేను రాసింది వేరు. "నాకీ పెళ్ళి వద్దు. చదువుకుంటాను. వచ్చి నన్ను బోర్డింగుకి తీసుకుపోండి. నాయనకు చెప్పొద్దు."

మనసులో ఉన్నదే రాయాలని నేర్పింది ఆ దయామణి టీచరే.

ఆదివారం మాచర్ల నుంచి ఆమె వచ్చింది. గబగబా పెట్టె సర్దుకున్నాను.

ఆమె మా నాయన ఎదుట కూర్చుని, కార్డు తీసి, ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివింది. "పెళ్ళయ్యేదాకా పిల్లని గడప దాటనియ్యబాకండి," అంది.

మా ఇంట్లో నా మాట వినపడటం అదే మొదటిసారి.

నాయన తన బొటనవేలి వంక చూసుకుంటూ కూర్చున్నాడు.