శైలు దరువు

ఇప్పుడు పోటీల్లో డప్పు దళాలకు మార్కులు వేసేవి గుండెబిళ్లలే. ఛాతీకి అంటించిన బిళ్ల వాయించేవాడి దుఃఖం నూటికి ఎంతో అంకెల్లో చెప్పేస్తుంది. అందుకే సారయ్య దళం మూడేళ్లుగా ఒకే కథ ఆడుతోంది: దళంలో డప్పు కొట్టే ఓదెలు కూతురు, వరదలో కొట్టుకుపోయిన శైలు కథ.

ఈ ఏడు సాధనలో ఓదెలు బిళ్ల నలభై దాటలేదు.

"మొదటేడు తొంభై ఉండె గదనే," అన్నాడు సారయ్య మెల్లగా. "ఏమనుకోకు ఓదెలన్నా, కథ మారుద్దాం. కరువు కథ ఎత్తుకుందాం."

ఓదెలు తలూపాడు. ఇంటికి వెళ్లి దేవుడికి దీపం పెట్టాడు. "బాధ తగ్గించింది నువ్వేనా సామీ? నేనడగలే గదా?"

"ఏడుపు తగ్గితే పాపమా?" అంది భార్య లచ్చవ్వ. "ఇప్పుడిప్పుడే ఇంత అన్నం తింటున్నవు."

మర్నాడు కొత్త కథ మొదలైంది. శైలును పేరుపెట్టి పిలిచే చోట సారయ్య వానదేవుణ్ణి పిలిచాడు. కూతురి పేరు ఇక ఏ మైదానంలోనూ వినబడదని ఓదెలుకు అప్పుడు తెలిసింది. చేయి ఆగలేదు గానీ కన్నీళ్లు కమ్మి కళ్లు కనిపించలేదు.

బిళ్ల తొంభై ఆరు చూపించింది.

"చూసినవా అన్నా!" సారయ్య ఎగిరి గంతేశాడు. "కరువు కథే మనకు అచ్చొచ్చింది. ఇదే ఖాయం!"

"మంచిది తమ్మీ," అని ఓదెలు, తడిసిన డప్పును కాచుకోవడానికి మంట దగ్గరికి నడిచాడు.