ఎర్రకన్ను, పసుపుకన్ను

“ఆ తలుపు మీద చెయ్యి పడిందంటే మర్యాద దక్కదు!”

డేగల మాస్టారి అరుపుకి కూతురు ఉలిక్కిపడి గడియ వదిలేసింది. పక్షుల ఆసుపత్రిలో డాక్టరు ఆమే. అయినా డేగల విషయంలో తండ్రి మాటకి ఎదురులేదు. పక్కపక్కనే ఉన్న రెండు పంజరాల మధ్య ఆ జాలీ తలుపొక్కటే అడ్డం. ఇటు ఎర్రకన్ను డేగ, ఆడది. అటు పసుపుకన్ను డేగ, మగది. రెండు జాతులకీ పేర్లు పెట్టింది మాస్టారే. ఎన్ని అడవులు గాలించినా ఏ జాతిదీ ఇంకొకటి దొరకలేదు.

“ఆ మగదాన్ని చూడండి నాన్నా, పుల్లలు తెచ్చి జాలీ దగ్గర పేరుస్తోంది. ఇదేమో అక్కణ్ణుంచి కదలట్లేదు. దీనికి వయసు మీద పడుతోంది. ఇప్పుడు గుడ్డు పెట్టకపోతే ఇంకెప్పుడూ పెట్టదు.”

“పెడితే? కలగాపులగం పిల్లలు పుడతాయి. ఆ జాతీ మిగలదు, ఈ జాతీ మిగలదు.”

“తోక మీద చారలు ఒకటే. కాళ్ళు ఒకటే. కూత ఒకటే. ఇంక తేడా ఏముంది?”

“కళ్ళు! డాక్టరువి, నీకే కనబడట్లేదా? దగ్గరి చుట్టాలే గానీ రెండూ ఒకటి కాదమ్మా. దీనికి సరిజోడు, ఎర్రకళ్ళ మగది, ఎక్కడో ఉండే ఉంటుంది. కాస్త ఓపిక పట్టు.”

తలుపుకి తాళం వేసి, చెవి జేబులో పడేసుకున్నారు.

సరిజోడు దొరకలేదు. వానలు వెనకపట్టేలోపే ఎర్రకన్ను ప్రాణం పోయింది. మాస్టారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. జోడు వెతికి తేలేకపోయానే, ఒక జాతి నా చేతుల్లోనే అంతమైపోయిందే అని కుమిలిపోయారు. తాళంచెవి కూతురి చేతిలో పెట్టేసి, ఆ పంజరాల వైపు వెళ్ళడమే మానేశారు.

చాలాకాలానికి ఒక ఉదయం కూతురే ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఎర్రకన్ను కూర్చునే కొమ్మ మీద ఒక డేగ. తల తిప్పి చూసింది. ఎర్రటి కళ్ళు.

“మగదేనా అమ్మా?”

“మగదే నాన్నా.”

మాస్టారు జాలీకి మొహం ఆనించారు. “నే చెప్పలేదూ, ఉంటుందని! కాస్త ముందొచ్చుంటే ఆ వెర్రితల్లి వంశం నిలబడేది కదమ్మా. ఇన్నాళ్ళూ ఎక్కడుందిది? ఎక్కడ దొరికింది?”

కూతురు తండ్రి చెయ్యి వదల్లేదు.

“ఎక్కడా దొరకలేదు నాన్నా. ఇది మన పసుపుకన్నే. వయసొచ్చి కళ్ళు ఎర్రబడ్డాయి.”