నీలంరంగు గది

“చూడండి, ఈ గది ఎంత బాగుందో!” అంటూ భార్య బరువైన పుస్తకాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో పరిచింది.

వాచీలాయన తల వంచాడు. నలభై ఏళ్ళపాటు ఆవగింజంత పళ్ళచక్రాలను చిన్న పట్టకారుతో పట్టి అమర్చిన మనిషికి ఇప్పుడు అంత పెద్ద పేజీ మీద కనిపించిందల్లా ఒక నీలం మరక. చూపు పోతోందనీ, ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ‘చేసీ చేసీ విసుగొచ్చింది’ అని దుకాణం మూసేశాడే కానీ, అసలు సంగతి ఇంట్లో పొక్కనివ్వలేదు. ఎలా చెప్తాడు? ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పి చెప్పి ఆవిడ మొన్ననే హెడ్‌మిస్ట్రెస్ అయింది. తెలిసిందా, మర్నాడే రాజీనామా ఇచ్చేసి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఆయన భయమంతా అదే.

“అద్భుతం! ఆ నీలంరంగు తివాచీ ఉంది చూశావూ, దానికదే సాటి” అన్నాడు గట్టిగా.

ఆవిడ ఆ పేజీనీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

“కదా! పాతకాలపు డిజైనర్లండీ. ఇల్లు సర్దడమంటే వాళ్ళదే. మనిల్లు కూడా ఇలాగే మార్చేద్దాం.”

ఆయన గుండెల్లో రాయి పడింది. మంచం నుంచి తలుపుకి ఏడడుగులు, తలుపు నుంచి కుర్చీకి పదకొండు. ఆ లెక్క మీదే బండి నడుస్తోంది. సామాను జరిపితే గుట్టు రట్టే.

“ఈ వయసులో మనకెందుకే సోకులు?”

“సోకుకి వయసేమిటండీ? మీరు కూర్చోండి. నేను చదివి చేయిస్తాను.”

ఆ ఆదివారమే మొదలైంది. ఆవిడ చదవడం, వడ్రంగి చెయ్యడం. “‘నడిచే దారి నదిలా సాగాలి, మధ్యలో ఏదీ అడ్డుండకూడదు’ అన్నాడండీ ఒకాయన” అని టీపాయిని గోడవారకి నెట్టించింది. “‘తెల్లగోడకి నల్లతలుపు లేని ఇల్లు ఇల్లే కాదు’ అందట ఒక మహాతల్లి” అని తలుపులకి రంగు వేయించింది. వరండా పొడవునా చెక్క నగిషీ, మెట్ల అంచులకి పసుపు పట్టీలు.

“పసుపు మరీ కొట్టొచ్చినట్టుందమ్మా” అని గొణిగాడు వడ్రంగి.

“డెబ్బై ఏళ్ళ క్రితం డిజైనర్ రాసిన మాట. నీకంటే నాకంటే ఆయనకి బాగా తెలుసు. కానివ్వు!”

వాచీలాయనకి మతిపోయింది. గండమనుకున్నది వరమై కూర్చుంది. ఇప్పుడు అడుగులు లెక్కపెట్టే పనే లేదు. నల్లగా ఉన్నది తలుపు, పసుపుపచ్చగా ఉన్నది మెట్టు, చేతికి నగిషీ తగులుతుంటే వరండా. రెండు నెలల్లో ఒక్క గ్లాసు ఒలకలేదు, ఒక్కసారి మోకాలు కొట్టుకోలేదు. ఎప్పటి పెద్దలో, ఏకంగా తన కోసమే రాసినట్టు రాశారు! మనసులోనే వాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాడు. భార్య రోజూ నిశ్చింతగా బడికి వెళ్ళొస్తోంది. ఆయనకి అంతకంటే ఏం కావాలి?

ఒక శనివారం కూతురు వచ్చింది. తల్లి ఇంకా బడి నుంచి రాలేదు.

“ఇదేంటి నాన్నా, ఇల్లు గుర్తుపట్టలేకుండా మార్చేశారు!”

“అంతా పాతకాలపు డిజైనర్ల చలవ తల్లీ. ఆ బీరువా మీద పుస్తకం ఉంది, తియ్యి. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో. నీలంరంగు గది ఉన్న పేజీ తీసి, ఆ మహానుభావుల పేర్లు చదివి పెట్టు. కృతజ్ఞత ఉండొద్దూ మనకి!”

కూతురు పుస్తకం దించింది. నాలుగు పేజీలు తిప్పింది. మళ్ళీ వెనక్కొచ్చి అట్ట చూసింది.

“ఏ గది నాన్నా? ఇది అమ్మ బళ్ళో అట్లాసు!”