కారణం: పాప నిద్ర

"'పన్నెండు నుంచి రెండు వరకు గాలి మిషను ఆపడమైనది. కారణం: పాప నిద్ర.' ఏంటయ్యా ఇది?" లాగ్‌బుక్కు మీద వేలు పెట్టి అడిగింది తనిఖీకి వచ్చిన అధికారిణి.

అపార్ట్‌మెంట్ వెనక, మురుగునీరు శుభ్రం చేసే ప్లాంటు గదిలో ఆపరేటరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గోడ అవతలే పాప వాళ్ల పడగ్గది మేడమ్. మూడు నెలల పసిగుడ్డు. ఈ మోతలో కునుకెలా పడుతుంది చెప్పండి?"

"మరి ట్యాంకులో మురుగు తినే సూక్ష్మజీవులకి గాలెవరు ఊదుతారు? నువ్వా?"

"రెండు గంటలే కదా, ఓర్చుకుంటాయనుకున్నా."

"నువ్వోసారి రెండు నిమిషాలు ముక్కు మూసుకుని చూడు, తెలుస్తుంది."

పక్కనే ఉన్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీకి ముచ్చెమటలు పోశాయి. "ఇతన్ని ఇప్పుడే మాన్పించేస్తాం మేడమ్. ప్లాంటు అనుమతి మాత్రం రద్దు చేయకండి."

ఆపరేటరు ముఖం వాడిపోయింది. నీళ్ల వాసన చూసి, ట్యాంకుకి ఏం తక్కువైందో చెప్పగల మనిషి. తల వంచుకుని లాగ్‌బుక్కు మూసి, తాళాలు దాని మీద పెట్టాడు.

అది చూసి అధికారిణి కొంచెం మెత్తబడింది.

"ఉండవయ్యా. ఫిర్యాదు వస్తే వచ్చాను. ఆ ఫిర్యాదు చేసినవాళ్లు ఇక ఇబ్బంది లేదని సంతకం పెడితే, ఈసారికి హెచ్చరికతో వదిలేస్తా. పెట్టకపోతే నీ పని పోయినట్టే. ముందు మిషను వెయ్యి." అంటూ ఎవరికో ఫోన్ చేసింది.

గోడ అవతల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "ఏమనుకోకే తల్లీ, తప్పట్లేదు" అని గొణుక్కుంటూ ఆపరేటరు స్విచ్ నొక్కాడు. గది దద్దరిల్లిపోయింది.

కాసేపటికి పాపని భుజాన వేసుకుని వాళ్లమ్మ హడావిడిగా వచ్చింది. ముడి ఊడిపోయింది, కళ్లకింద నల్లటి చారలు.

"అయిపోయాం, పోట్లాటకొచ్చింది," అన్నాడు సెక్రటరీ.

"పాప చెవులు ముయ్యమ్మా!" అరిచాడు ఆపరేటరు.

ఆమె గబగబా అధికారిణి చేతిలోని కాగితం అందుకుని సంతకం పెట్టేసింది.

ఆపరేటరు నోరు తెరిచాడు. "ఫిర్యాదు చేసింది నువ్వా అమ్మా? నీ బిడ్డ కోసమే కదా రోజూ ఆపుతున్నా!"

"ఆపుతోంది మీరా? కరెంటు మిగులుతుందని సెక్రటరీ గారు ఆపిస్తున్నారనుకున్నా బాబాయ్! ఈ మోత ఆగితే చాలు, దీనికి మెలకువొచ్చేస్తోంది!" అంది, భుజం మీద గుర్రుపెడుతున్న పాపని చూపిస్తూ.